గిడుగువారి స్వయంకృషి



నెలజీతమో, పంటసొమ్మో చేతికి వచ్చిన నాడు గృహస్థుడు వ్రాసికొను పద్దులు మనకందఱకును తెలిసినవే. బియ్యము, పప్పు, పిల్లల బడిజీతములు, పాత బాకీ, వచ్చు వేసవిలో చేయవలసిన పెండ్లి. ఈ పద్దులలో సామాన్యముగా కానరానిది ఒకటి కలదు. అది తన కొఱకు తాను పెట్టుకొనవలసిన ఖర్చు. నగలను గూర్చియు పట్టుబట్టలను గూర్చియు నేను చెప్పుటలేదు. బుద్ధి పెరుగుటకు ఒక పుస్తకము, దేహము నిలుచుటకు వేళకు వైద్యము, క్రొత్త విద్య నేర్చుటకు దినమునకొక గంట. ఇవియే నేను చెప్పు ఖర్చులు. ఇట్టివి స్వార్థమని కొందఱు సంకోచింతురు. ఉద్యోగము దొరకినది గదా, ఇక చదువెందులకని మఱికొందఱు పుస్తకము మూసివేయుదురు. ఈ రెండు తలంపులును పొరపాటని చూపిన జీవితము ఒకటి మన ప్రాంతముతోనే ముడిపడియున్నది. అది గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి జీవితము.

పంతులుగారి పేరు వినగానే వాడుకభాషోద్యమము జ్ఞప్తికి వచ్చును. ఆయన జన్మదినమగు ఆగస్టు 29వ తేదీని తెలుగు భాషాదినోత్సవముగా జరుపుకొనుచున్నాము. కాని ఆ ఉద్యమమునకు పూర్వము ఆయన తన్ను తాను ఎట్లు తయారు చేసికొనెనో, అందులకు ఏమి వెచ్చించెనో, ఏమి పోగొట్టుకొనెనో ఆలోచించువారు తక్కువ. ఆ సంగతులే ఈ వ్యాసమునకు విషయము.

రామమూర్తిగారు 1863వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన శ్రీముఖలింగ క్షేత్రమునకు దాపుననున్న పర్వతాలపేట గ్రామమున జన్మించిరి. తండ్రి వీరరాజుగారు, తల్లి వెంకమ్మగారు. వీరరాజుగారు రెవిన్యూశాఖలో చిన్న ఉద్యోగి. ఆ ఉద్యోగములో ఆయనకు చోడవరమునకు బదిలీ అయినది. మన కె.కోటపాడు వారు పనులమీద తఱచుగా పోయి వచ్చు చోడవరమే అది. అచ్చట 1875లో వీరరాజుగారు విషజ్వరము సోకి మరణించిరి. అప్పటికి రామమూర్తిగారికి పండ్రెండేండ్లు. ఆ దినములలో జ్వరమునకు కారణము ఎవరికిని తెలియదు. నీరు మంచిది కాదనిరి, గాలి మంచిది కాదనిరి. ఇంటి యజమాని పోయెను, జీతము పోయెను, చదువుకొనవలసిన పిల్లవాడు మిగిలెను.

తండ్రి విడిచిన ఆస్తి లేని బాలునకు ఆధారము చదువొక్కటే. బంధువుల ఆదరణతో రామమూర్తిగారు విజయనగరము చేరి, మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చదివిరి. అచ్చట గురజాడ అప్పారావుగారు ఆయనకు సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషను పరీక్షలో ఉత్తీర్ణులైరి. పైచదువునకు ఇంటి స్థితి అనుకూలింపలేదు. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు ముప్పది రూపాయల జీతముపై ఉపాధ్యాయులైరి. పదునేడేండ్ల వయస్సున ఉద్యోగము, జీతము, సంసారము అన్నియు ఒక్కసారిగా వచ్చెను.

సామాన్యునికి ఇచ్చటితో కథ ముగియును. ముప్పది రూపాయల ఉపాధ్యాయుడు ముప్పదియేండ్లు అదే పాఠము చెప్పి విశ్రాంతి పొందును. రామమూర్తిగారి కథ మాత్రము ఇచ్చటనే మొదలైనది. పగలు పిల్లలకు పాఠము చెప్పి, మిగిలిన వేళలలో తాము విద్యార్థియైరి. కళాశాల మెట్లెక్కు అవకాశము లేకున్నను, ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ. పరీక్షలో నెగ్గిరి. తరువాత ఇంకను కొన్ని సంవత్సరములు కృషిచేసి, చరిత్ర ప్రధాన విషయముగా బి.ఏ. పట్టమును సంపాదించిరి. ఆ లోపల రాజావారి పాఠశాల కళాశాలయైనది. చదువు పెంచుకొని సిద్ధముగా ఉన్న ఉపాధ్యాయునకు కళాశాల తరగతులకు బోధించు అవకాశము లభించినది. అవకాశము వచ్చిన తరువాత చదువుదమని కూర్చున్నచో అది ఆగి యుండెడిది కాదు.

పరీక్షలకొఱకు చదువుట ఒక యెత్తు, పరీక్ష లేని విద్యను నేర్చుట మఱియొక యెత్తు. చరిత్ర బోధించు ఉపాధ్యాయునకు పాఠ్యపుస్తకము చాలును. కాని రామమూర్తిగారికి అది చాలలేదు. తాము పుట్టిన యూరి చెంతనే శ్రీముఖలింగము కలదు. మధుకేశ్వర, సోమేశ్వర, భీమేశ్వరాలయములు గల మహాశైవక్షేత్రమది. ఆ గుడి గోడలపైనను స్తంభములపైనను ప్రాచీన శాసనములు చెక్కబడియున్నవి. దర్శనమునకు పోవు భక్తులు వానిని చూచుచునే యుందురు, చదువగలవారు మాత్రము అరుదు. పాతలిపిని నేర్పు గురువు ఇరుగుపొరుగున లేకపోయినను, రామమూర్తిగారు స్వయముగా అక్షరములు కూడబలుకుకొని ఆ శాసనములను చదువుట నేర్చిరి.

ఆ కృషికి ఫలము చిన్నది కాదు. తూర్పు గాంగరాజుల రాజధాని యగు కళింగనగరము ఎచ్చటనుండెనను ప్రశ్న అప్పటి చరిత్రకారులకు చిక్కుగా నుండెను. కొందఱు కళింగపట్నమే అది యనిరి. రామమూర్తిగారు శాసనాధారములతో ముఖలింగమే కళింగనగరమని వాదించిరి. గాంగరాజగు వజ్రహస్తుని నడగాం రాగిరేకులను పరిష్కరించి ‘ఎపిగ్రాఫియా ఇండికా’ అను ప్రసిద్ధ శాసనగ్రంథమాల నాల్గవ సంపుటమున ప్రకటించిరి. పట్నములోని పండితుడు కాదు, పురావస్తుశాఖ ఉద్యోగి కాదు; ఒక జమీందారీ బడిలోని చరిత్రోపాధ్యాయుడు చేసిన పని ఇది. ఆయనకు దీనివలన జీతము పెరుగలేదు. కాని ఆయన చెప్పు పాఠము పెరిగినది. రాతిపై తాను చదివిన సంగతిని చెప్పు గురువునకును, పుస్తకములోని వాక్యమును అప్పగించు గురువునకును గల భేదము విద్యార్థులకు వెంటనే తెలియును.

పర్లాకిమిడి చుట్టును కొండలు. ఆ కొండలలో సవరలు నివసింతురు. వారి భాష తెలుగునకుగాని ఒడియకుగాని సంబంధించినది కాదు, ముండా భాషలలో చేరినది. దానికి అప్పుడు లిపి లేదు, వ్యాకరణము లేదు, అచ్చైన వాచకము లేదు. వారితో మాటలాడగల నాగరికులు లేరు, వారి పిల్లలకు బడి లేదు. దీనిని చూచినవారు ఎందఱో కలరు. రామమూర్తిగారు చూచి ఊరకుండలేకపోయిరి. కాని వారికి మేలు చేయవలెనన్న, ముందు తాను నేర్వవలసినది కొంత కలదని గ్రహించిరి. తెలుగును సవరయు తెలిసిన మనుష్యుని ఒకనిని తమ యింటనే ఉంచుకొని, ఆయన యొద్ద శిష్యుని వలె సవరభాష నేర్చిరి. ఇంట మఱియొక మనిషిని పోషించుట ఉపాధ్యాయ కుటుంబమునకు భారమే. అయినను ఆయన దానిని ఖర్చుగా ఎంచలేదు.

ఇచ్చట మనము గమనింపవలసినది ఒకటి కలదు. చదువుకొన్న ఉపాధ్యాయుడు అక్షరజ్ఞానము లేనివానిని గురువుగా అంగీకరించుటకు ధనము చాలదు, అహంకారమును విడువవలెను. ఆత్మాభ్యుదయమునకు మొదటి మూల్యము ఇదియే. మనలో పెక్కుమంది పుస్తకమునకు డబ్బు వెచ్చింతురు గాని, తమకంటె చిన్నవాని యొద్ద ఒక ముక్క నేర్చుకొనుటకు సిగ్గుపడుదురు.

సవర నేర్చిన తరువాత పంతులుగారు ఆ భాషలో వాచకములు వ్రాసిరి. సొంత సొమ్ముతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతములిచ్చి, సవర పిల్లలకు సవరభాషలోనే చదువు చెప్పించిరి. పిల్లవానికి తల్లి మాటలోనే తొలి పాఠము చెప్పవలెనను సూత్రమును నేడు విద్యావేత్తలు వేదికలపై ఉద్ఘాటించుచున్నారు. ఆయన దానిని ఆ కొండ గ్రామములలో ఆ నాడే ఆచరించి చూపిరి. మద్రాసు ప్రభుత్వము 1913లో ఆయనకు రావుసాహేబు బిరుదమునిచ్చినది.

అయితే ఈ కృషికి ఆయన చెల్లించిన మూల్యము ధనము మాత్రమే కాదు. సవరల పల్లెలకు కాలినడకన పోవలెను, అచ్చటనే ఉండవలెను, వారి నోట పలుకు ధ్వనులను చెవియొగ్గి వినవలెను. ఆ మన్యములో మలేరియా విస్తారము. చోడవరమున తండ్రిని జ్వరము పొట్టనబెట్టుకొన్నది. కుమారుని అడవి జ్వరములు మాటిమాటికి పట్టెను. దోమకాటు వలన మలేరియా వ్యాపించునని రొనాల్డ్ రాస్ మన సికిందరాబాదులోనే కనుగొన్నది 1897లో. అప్పటికి ఆ జ్వరమునకు తెలిసిన మందు క్వినైను ఒక్కటే. అది ప్రాణమును నిలుపును గాని, మితిమీరినచో చెవులలో హోరు పుట్టించి వినికిడిని చెఱచును. పంతులుగారు అధికముగా క్వినైను సేవింపవలసి వచ్చి వినికిడి పోగొట్టుకొనిరి.

భాషాశాస్త్రజ్ఞునకు చెవి యెట్టిదో యోచింపుడు. కమసాలికి చేతివ్రేళ్లవంటిది, సాలెవానికి కంటిచూపువంటిది. ఏ సాధనముతో సవరధ్వనులను పట్టుకొనెనో ఆ సాధనమునే ఆ కృషి హరించినది. మఱియొకడైనచో అచ్చటితో విరమించి, తన దురదృష్టమును తలంచుచు కాలము గడిపియుండును. పంతులుగారు విరమింపలేదు. అంతకుముందు విని వ్రాసికొనిన సామగ్రి ఆయన వద్ద ఉండెను. కుమారుడు గిడుగు సీతాపతిగారు సవరభాషాకృషిలో తోడుగా నిలిచిరి. భాషాశాస్త్రమున అప్పుడప్పుడే వెలువడుచున్న క్రొత్త గ్రంథములను తెప్పించి చదివి, వ్యాకరణనిర్మాణ పద్ధతిని నేర్చిరి. మూడు దశాబ్దములకు మించిన శ్రమ పిదప, 1931లో ఆయన ఆంగ్లమున రచించిన సవరభాషా వ్యాకరణమును మద్రాసు ప్రభుత్వము ముద్రించినది. అప్పటికి ఆయన వయస్సు అఱువదియెనిమిది. ఆ తరువాత సవర నిఘంటువును వెలువడినది.

ఇక వాడుకభాషోద్యమము సంగతి. 1907 ప్రాంతమున జె.ఏ. యేట్సు అను ఆంగ్లేయుడు ఈ మండలములకు పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చెను. తెలుగు నేర్చుకొనుచున్న ఆయనకు పుస్తకములలోని తెలుగునకును జనుల నోటి తెలుగునకును గల దూరము వింతగా తోచెను. దానికి సమాధానము వెదకుచు ఆయన విశాఖపట్టణమున కళాశాలాధ్యక్షులుగా నుండిన పి.టి. శ్రీనివాస అయ్యంగారిని, గురజాడవారిని, గిడుగువారిని సంప్రదించెను. అప్పటికి గిడుగువారికి నలువదినాలుగేండ్లు. చరిత్రలోను సవరభాషలోను పేరు సంపాదించిన మనుష్యుడు. తెలుగును గూర్చి తనకు తోచినది చెప్పి ఊరకుండవచ్చును. కాని ఆయన ఆ వయస్సున తెలుగు కావ్యములను, వ్యాకరణములను, పాత వచనగ్రంథములను మొదటినుండి మరల చదువసాగిరి. ఎచ్చట ఏ ప్రయోగము కలదో ఎత్తి వ్రాసికొనిరి. పూర్వకవుల ప్రయోగములనే సాక్ష్యముగా నిలిపి, పండితులమని చెప్పుకొనువారే గ్రాంథికమును తప్పులేక వ్రాయలేకున్నారని నిరూపించిరి. ‘గద్యచింతామణి’, ‘బాలకవిశరణ్యము’, ‘ఆంధ్రపండితభిషక్కుల భాషాభేషజము’ ఈ పరిశ్రమకు ఫలములు.

1911లో ఆయన ఉద్యోగమునుండి విరమించిరి. చాలమందికి అది విశ్రాంతికి ఆరంభము. ఆయనకు మాత్రము పెద్ద పనికి ఆరంభమైనది. ఎదుట జయంతి రామయ్య పంతులుగారివంటి విద్వాంసులు ఉండిరి. సభలలో పరిహాసములు, పత్రికలలో విమర్శలు. వినికిడి లేని వృద్ధుడు, చంకలో పుస్తకముల కట్టతో ఊరూర తిరిగి ఉపన్యసించెను. 1919లో ‘తెలుగు’ అను పత్రికను నడిపెను. ఆ సంవత్సరమే కందుకూరి వీరేశలింగము పంతులుగారు అధ్యక్షులుగా వర్తమానాంధ్ర భాషాప్రవర్తక సమాజము ఏర్పడినది. ఒకప్పుడు ప్రౌఢగ్రాంథికమున పేరుపొందిన వీరేశలింగముగారే ఆ పక్షమునకు వచ్చిరనిన, వయస్సు మీరిన తరువాత సైతము మనస్సును పెంచుకొనవచ్చునని ఆయనయు చూపిరి.

బసవేశ్వరుల వచనములు జనుల కన్నడమున వెలువడినవని, పాల్కురికి సోమనాథుడు జానుతెనుగును ఆదరించెనని ఎఱిగిన మన కుటుంబములకు గిడుగువారి వాదము క్రొత్తగా తోపదు. పండితశిక్షణ పొందిన నావంటివాడు మాత్రము కొంత సిగ్గుతో ఒక సంగతి ఒప్పుకొనవలెను. ఆయన కీర్తిని గూర్చిన ఈ వ్యాసమును నేను పాతభాషలోనే వ్రాయుచున్నాను. చిన్ననాట అలవడిన దానిని విడుచుట ఎంత కష్టమో నాకు తెలియును. కావుననే నలువదినాలుగేండ్ల వయస్సున మరల అక్షరాభ్యాసము చేసినంత పని చేసిన ఆ మహనీయుని యెడ నాకు గౌరవము మెండు.

1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినది. దానిని ఆయన గట్టిగా ప్రతిఘటించియుండిరి. ఆ మార్పు జరిగినప్పుడు, ఏబదియాఱేండ్లు నివసించిన యూరిని విడిచి రాజమహేంద్రవరము చేరిరి. డెబ్బదిరెండేండ్ల వయస్సున క్రొత్త యూరు, క్రొత్త యిల్లు. గడియించిన విద్య మాత్రము వెంటనే వచ్చినది. దానికి బండి అక్కఱలేదు, ఎల్లలు అడ్డురావు. 1938లో ఆంధ్రవిశ్వవిద్యాలయము ఆయనను కళాప్రపూర్ణ బిరుదముతో సత్కరించినది. ప్రైవేటుగా చదివి పట్టము సంపాదించిన ఉపాధ్యాయునకు విశ్వవిద్యాలయమే స్వయముగా సమర్పించిన గౌరవమది. 1940 జనవరి 15వ తేదీన ‘ప్రజామిత్ర’ కార్యాలయమున పత్రికా సంపాదకులను కలిసి, వాడుకభాషను ఆదరింపుడని కోరిరి. వారము తిరుగగానే, జనవరి 22వ తేదీన శివైక్యము చెందిరి.

ఈ జీవితమునుండి మనము నేర్వవలసినది ఏమి? ముప్పది రూపాయలలో నుండి సవరగురువునకు పెట్టిన అన్నము, దీపము వెలుగున గడిపిన రాత్రులు, తెప్పించుకొనిన పుస్తకములు. ఇవి యన్నియు మొదట ఆయన తన కొఱకు పెట్టుకొనిన ఖర్చులే. కాని అవి ఆయనయందే నిలువలేదు. సవరపిల్లల పలకపైకి పోయినవి, ముఖలింగము చరిత్రలోనికి పోయినవి, నేడు మన పిల్లలు తమ మాటలలోనే పరీక్ష వ్రాయుచున్నారనిన అందులోనికిని పోయినవి. నిండని కుండ నుండి ఇతరుల దాహము తీర్చలేము. తన్ను పెంచుకొనుట కాయకమైన, పెంచుకొనిన దానిని పంచుట దాసోహము. మొదటిది లేక రెండవది లేదు.

రెండవ పాఠము కొంత కఠినమైనది. ఆయన బుద్ధికొఱకు చేసిన వ్యయము గొప్పది, దేహము మాత్రము నష్టపోయినది. అది ఆయన దోషము కాదు. దోమ సంగతి లోకమునకు తెలియని కాలమున ఆయన కొండలెక్కిరి. మనకు ఆ సాకు లేదు. మన విశాఖ మన్యములో మలేరియా నేటికిని పోలేదు. దోమతెరకు వంద సాకులు చెప్పి, జ్వరము వచ్చిన నాడు రక్తపరీక్ష చేయించుకొనక, మందులకొట్టులో నాలుగు మాత్రలు కొని మ్రింగి పనికి పోవు గృహస్థులను నేనెఱుగుదును. తల్లులు మఱియు ఘోరము. ఇంటిల్లిపాదికి మందు పోసి తమ నొప్పిని మాత్రము దాచుకొందురు. దేహము ఇష్టలింగమును ధరించు పీఠము. దానిని కాపాడుకొనుట భోగలాలస కాదు. వైద్యునకు వేళకిచ్చిన నూఱు రూపాయలు తరువాత ఇవ్వవలసిన వేలను మిగుల్చును.

కావున బంధువులు ఈ నెల పద్దు వ్రాయునప్పుడు బియ్యమునకును బాకీకిని నడుమ ఒక చిన్న పంక్తి విడువుడు. అందులో ఒక పుస్తకము గాని, ఒక వైద్యపరీక్ష గాని, ఒక విద్య గాని వ్రాయుడు. ఇరువదియేండ్లవారు వ్రాయవచ్చును, అఱువదియెనిమిదేండ్లవారును వ్రాయవచ్చును. తండ్రిని కోల్పోయి చోడవరమును విడిచిన పండ్రెండేండ్ల పిల్లవానికి ఎవరును అట్టి పంక్తి వ్రాసి యీయలేదు. ఆయన తన చేతితోనే వ్రాసికొనెను.